కొప్పులో జానెడు వెంట్రుక

జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటారు. ఆ మాట పుట్టించినవాళ్లు లేయర్ కట్ చేయించుకున్న జుట్టుతో కొప్పు పెట్టి చూసి ఉండరు. నేను ఏడాదికి పైగా పెట్టాను, ఆదివారాలు తప్ప రోజూ. నిజం చెప్పాలంటే నేను పెట్టలేదు, నాకు పెట్టారు.

మాది గుంటూరు వైపు. నాన్నకి ఇక్కడ గుమాస్తా ఉద్యోగం రావడంతో నా చిన్నప్పుడే ఉప్పల్ వచ్చేశాం. డిగ్రీ అయ్యాక నాచారంలో మసాలా పొడుల కంపెనీలో ప్యాకింగ్ లైను మీద నాకు పని దొరికింది. నాన్నకి ఇష్టం లేదు. వారం రోజులు అన్నం సరిగా తినకుండా సాధిస్తే ఒప్పుకున్నాడు, అదీ ఒక షరతు మీద. "ఎవరి చేతా ఒక్క మాట పడకూడదు. పడ్డావా, ఆ రోజు నుంచి ఇంట్లోనే" అన్నాడు. నాన్న ఊరికే అనే మనిషి కాదు.

పనిలో చేరడానికి వారం ముందు నేను చేసిన ఘనకార్యం ఆ జుట్టు కత్తిరించుకోవడం. బోడుప్పల్ రోడ్డులో మందుల షాపు మీద ఒక బ్యూటీ పార్లర్ ఉండేది. దాని గోడ మీద బొమ్మలో ఒకమ్మాయికి జుట్టు మెట్లుమెట్లుగా దిగి ఉండేది. నాకూ అలాగే కావాలన్నాను. పొడవు తగ్గించొద్దని కూడా అన్నాను. తగ్గించలేదు. అన్నిటికన్నా కిందిది నడుం దాకానే ఉంది. అన్నిటికన్నా పైది మాత్రం గడ్డం దగ్గర ఆగింది. మధ్యలో భుజానికొకటి, వీపుకొకటి, ఇంకొకటి ఎక్కడో. ఇంటికి రాగానే అమ్మ నన్ను వెనక్కి తిప్పి చూసి, "ఎలుకలు కొరికినట్టుంది కదే! ఇన్నేళ్లు నూనె రాసి పెంచింది ఇందుకా?" అని రెండు రోజులు మాట్లాడలేదు. నాకేమీ బాధ అనిపించలేదు. దారిలో కనిపించిన ప్రతి షాపు అద్దంలోనూ నన్ను నేను చూసుకుంటూ తిరిగాను.

మొదటి రోజు ఉప్పల్ చౌరస్తాలో సెవెన్ సీటర్ ఆటో ఎక్కి, హబ్సిగూడ మీదుగా నాచారం చేరేసరికి, ఇంట్లో పెట్టుకున్న ముడి సగం ఊడింది. కంపెనీ రూలు ఏమిటంటే, ఆడవాళ్లందరూ జుట్టు కొప్పు పెట్టుకోవాలి, దాని మీద నెట్టు, నెట్టు మీద టోపీ. ఒక్క వెంట్రుక బయటికి కనిపించకూడదు. బట్టలు మార్చుకునే గది గుమ్మంలో సూపర్‌వైజరమ్మ నిలబడి ఒక్కొక్కరినీ బొంగరంలా తిప్పి చూసి లోపలికి పంపేది. నన్ను తిప్పి, "ఇదేంది? కొప్పా, పిచ్చుక గూడా? పోయి సక్కగ పెట్టుకొని రా" అంది. వెళ్లి పెట్టుకొచ్చాను. మళ్లీ పంపింది. మూడోసారి కూడా పంపేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. మొదటి రోజే మాట పడ్డాను, నాన్నకి తెలిస్తే అంతే.

అప్పుడు బెంచీ మీద కూర్చున్న ఒకావిడ, "ఇటు రా పిల్లా, కూసో" అంది. నలభై ఏళ్లుంటాయి. జుట్టు విప్పి చూసి నవ్వింది. "ఏంది నీ నెత్తి? ఒక్క తలకాయ మీద ఐదుగురి ఎంటికలున్నయి!"

ఆమెని లైను మీద అందరూ అక్క అనేవాళ్లు, నేనూ అదే అన్నాను. ఊరు జనగామ వైపు. ఎనిమిదేళ్లుగా అక్కడ కాంట్రాక్టు మీద పని చేస్తోంది. కూతురికి కామెర్లు ముదిరి దవాఖానాలో ఉన్నప్పుడు, తగ్గితే తలనీలాలు ఇస్తానని యాదగిరిగుట్ట స్వామికి మొక్కుకుందట. పిల్ల బతికింది, మొక్కు తీరింది. అది జరిగి అప్పటికి కొన్ని నెలలే. చెవుల దాకా వచ్చిన జుట్టుని రెండు స్లయిడ్లతో నొక్కి పెట్టుకునేది. "నా నెత్తి మీద చేసెతందుకు పనేం లేదు. నీ నెత్తన్న జేస్త" అంది. ఆ రోజు నుంచి నా కొప్పు ఆమె పని అయిపోయింది.

లేయర్ల జుట్టుకి మామూలు కొప్పు నిలవదు. మెలి తిప్పగానే పొట్టివన్నీ ముళ్లలా పొడుచుకొస్తాయి. అక్క ముందు రెండు చుక్కల కొబ్బరినూనె అరచేతిలో రాసుకుని పైపైన తడిమేది. తర్వాత పొట్టివాటిని విడదీసి, నడినెత్తి నుంచి సన్నటి జడ అల్లి, దాన్ని వెనక చుట్టి పిన్నులు గుచ్చేది. పొడుగువి ఆ చిన్న ముడి చుట్టూ తిప్పి, కొసలు కిందికి దోపి, నాలుగు వైపులా నాలుగు యూ పిన్నులు లోపలికి ఏటవాలుగా దించేది. బయటికి చూస్తే నున్నటి ఒక్క కొప్పు. లోపల ఐదు పొడవులున్నాయని ఎవరూ కనిపెట్టలేరు. సూపర్‌వైజరమ్మ నన్ను చూపించి, "కొప్పంటే గిట్లుండాలె" అని కొత్తవాళ్లకి చెప్పడం మొదలుపెట్టింది. ఆ పొగడ్త నాకు వచ్చేది, చెయ్యి మాత్రం అక్కది.

ఇక నా గురించి చెప్పుకోవాలి. టోపీ పెట్టుకుంటే నా మొహం పొట్టు తీసిన గుడ్డులా ఉండేది. అది నేను భరించలేకపోయాను. గుమ్మం దగ్గర తనిఖీ అయ్యాక, లైను మీదికి వెళ్లి, రెండు చెవుల పక్కనా చెరో పాయ వేలితో లాగి వదులుకునేదాన్ని. ఎవరు చూస్తారని అడిగితే జవాబు లేదు. చుట్టూ కారప్పొడి, తుమ్ములు, ప్యాకెట్లకి సీలు వేసే మిషను. అయినా లాగేదాన్ని. ఆ పాయలు పెరిగినప్పుడల్లా పార్లర్‌కి వెళ్లి మళ్లీ గడ్డం దాకా కత్తిరించుకొచ్చేదాన్ని కూడా. అక్క ఒకసారి చూసి, "లోపలికి నూకు. తిండి పని మనది" అంది. సరేనన్నాను. ఆమె అటు తిరగ్గానే మళ్లీ లాగాను.

ఏడాది దాటాక ఒక గురువారం మేనేజరు మా లైను ఆడవాళ్లు ఐదుగురినీ గదిలోకి పిలిచాడు. టేబుల్ మీద తెల్ల కాగితం, దాని మీద టేపుతో అతికించిన ఒక వెంట్రుక. అంబర్‌పేట్‌లో ఎవరో కొన్న కారం ప్యాకెట్లో వచ్చిందట. ప్యాకెట్ మీద తేదీ, షిఫ్టు చూస్తే మా లైనుదే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి నేరుగా టోపీ మీదికి వెళ్లింది. అదృష్టమో దురదృష్టమో, ఎవరూ గమనించలేదు.

అందరూ నాది కాదంటే నాది కాదన్నారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం అన్నట్టుంది అక్కడ. మేనేజరు వెంట్రుక పక్కన తన చెయ్యి చాపి పెట్టి చూపించాడు. సరిగ్గా జానెడు. "నలుగురికీ ఇంతింత లావు కొప్పులు. నడుం దాకా జుట్టుంటేనే కదా అంత కొప్పు అయ్యేది? మరి జానెడు జుట్టు ఎవరికుంది?" అన్నాడు.

ఎవరూ పేరు చెప్పలేదు. అవసరం లేకపోయింది. అందరి కళ్లూ అక్క మీదికి వెళ్లాయి. గుండు తర్వాత పెరిగి పెరిగి ఆమె జుట్టు అప్పటికి జానెడే అయ్యింది.

"నాది కాదు సార్. నేను టోపీ తియ్యనే తియ్యలే. నావి రింగుల ఎంటికలు, ఇది సాపుగున్నది" అంది అక్క. "టేపు కింద ఏదైనా సాపుగానే ఉంటుంది" అన్నాడు మేనేజరు. ఆ నెలలోనే ఆమెని పర్మినెంట్ చేస్తామని చెప్పి ఉన్నారు. ఎనిమిదేళ్ల నుంచి ఆమె ఎదురు చూసింది దాని కోసం. ఇప్పుడు శనివారం దాకా చేసి సోమవారం నుంచి రావద్దన్నారు.

బయటికి వచ్చేటప్పుడు అందరికన్నా వెనక నేనున్నాను. కాగితం కిటికీ వెలుగులోకి జరిగి ఉంది. ట్యూబులైటు కింద నల్లగా కనిపించిన వెంట్రుక ఎండలో చివర ఎర్రగా మెరిసింది. మా ఐదుగురిలో ఆదివారాలు హెన్నా పెట్టుకునేది నేనొక్కదాన్నే. ఇక నాకు అనుమానం మిగల్లేదు. మాట్లాడాల్సింది అప్పుడే, ఆ గుమ్మంలోనే. నోరు రాలేదు. నాన్న మొహం కళ్ల ముందు కదిలింది, అడుగు ముందుకు వేసి బయటికి వచ్చేశాను. భయపడ్డాను. దానికి ఇంకో పేరు లేదు.

శుక్రవారం పొద్దున్న అక్క బెంచీ మీద కూర్చుని నా కోసం చూస్తోంది. వెళ్లి ఆమె ముందు కూర్చున్నాను. రోజూలాగే నూనె, దువ్వెన, సన్నటి జడ. చెవి పక్క పాయ చేతికి తీసుకున్నప్పుడు ఆమె వేళ్లు ఒక్క క్షణం ఆగినట్టనిపించింది. నా ఊహేమో అనుకున్నాను. ఏ జుట్టు వల్ల ఆమె పని పోతోందో ఆ జుట్టునే దువ్వి, మెలి తిప్పి, ముస్తాబు చేసి పంపింది. ఆ రోజు నేను పాయలు లాగలేదు. అది తప్ప ఇంకేమీ చెయ్యలేదు కూడా. ఇంటికి వెళ్లి తలనొప్పని పడుకున్నాను.

శనివారం కూడా ఆమె ముందు కూర్చున్నాను. చివరి పిన్ను దించుతున్నప్పుడు కొప్పు కింద, మెడకి కాస్త పైన కసుక్కున గీరుకుంది. "అబ్బా" అన్నాను. ఏడాదిలో ఎన్నడూ అలా తగల్లేదు. ఆమె మనసు మనసులో లేదు పాపం అనుకున్నాను. "పో, టైమైంది" అంది.

మధ్యాహ్నం దాకా ఆ చోట చురచురలాడుతూనే ఉంది. అన్నం గంట కొట్టగానే మేనేజరు గదిలోకి వెళ్లాను. "సార్, ఆ వెంట్రుక నాది" అన్నాను. ఆయన నా కొప్పు వైపు చూసి, "నీదెట్లా అవుతుంది?" అన్నాడు. టోపీ తీశాను, నెట్టు తీశాను, పిన్నులు ఒక్కొక్కటే టేబుల్ మీద పెట్టాను. జుట్టు ఐదు మెట్లుగా జారింది. చెవి పక్క పాయ పట్టుకుని, "ఇది కొలవండి. ఆ కాగితం కిటికీ దగ్గర పట్టుకుని చూడండి" అన్నాను. ఆయన రెండూ చేశాడు. తర్వాత చాలాసేపు జుట్టు వైపే చూశాడు, ఇంత నున్నటి కొప్పులో ఇంత మోసమా అన్నట్టు.

ఒక గంటలో నన్ను గేటు దాటించారు. సంచీ తెచ్చుకోవడానికి కూడా సూపర్‌వైజరమ్మ వెంట వచ్చింది. అక్క లైను మీద ఉంది, మాట్లాడనివ్వలేదు. విరబోసిన జుట్టుతోనే ఆటో ఎక్కాను.

సాయంత్రం నాన్నకి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. "వాళ్లు పట్టుకున్నారా, నువ్వే చెప్పావా?" అన్నాడు. "నేనే" అన్నాను. "అయితే ఇంట్లో కూర్చోవడం దేనికి? బీఈడీ కట్టు" అన్నాడు. నేను రెండు రోజులు భయపడింది ఈయనకా అనిపించి కోపం కూడా వచ్చింది, ఆయన మీద కాదు.

తర్వాత బోడుప్పల్‌లో ఒక స్కూల్లో టీచర్‌గా చేరాను. లేయర్లు మళ్లీ పెట్టించుకోలేదు. ఒక్క పొడవున పెరిగిన జుట్టుతో కొప్పు పెట్టుకోవడం రెండు నిమిషాల పని. అయినా అలవాటు కొద్దీ నాలుగు వైపులా నాలుగు పిన్నులు ఏటవాలుగానే దించుతాను.

రాష్ట్రం వచ్చిన వేసవిలో ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర, మెట్రో స్తంభాల దుమ్ములో బస్సు కోసం నిలబడి ఉంటే వెనక నుంచి ఎవరో భుజం తట్టారు. తిరిగితే అక్క. "కొప్పు సూసి గుర్తువట్టిన. గీ పిన్నులు ఇంకెవ్వలు పెడ్తరు?" అంది. ఆమె తల మీద ఇప్పుడు నాకన్నా పెద్ద కొప్పుంది, సగం తెల్లగా. పర్మినెంట్ ఆ ఏడు కాలేదట, ఆ పై ఏడు అయ్యిందట. కూతురు నర్సింగ్ చదివి పని చేస్తోందట. బస్సు ఇంకా రాలేదు. ఇన్నేళ్లూ అడగాలనుకున్నది అడిగేశాను.

"అక్కా, ఆ వెంట్రుక నాదని నీకు అప్పుడే తెలుసా?"

"ఏడాది సంది రోజు దువ్విన నెత్తి. నాకెర్కలేకుంట ఇంకెవలకెర్కైతది?"

"మరి సార్‌కి చెప్పలేదేం?"

"నేను చెప్తె నమ్ముతడా? నౌకరి పోయేటోళ్లు ఇంకొకల మీద ఎయ్యరా అంటడు. నువ్వు చెప్తెనే చెల్లుతది. చెప్తవని సూసిన. శుక్రవారమంత సూసిన, చెప్పకపోతివి."

ఆమె చీర కొంగుతో మొహం మీది దుమ్ము తుడుచుకుని, నవ్వకుండా అంది.

"గందుకే శనివారం పొద్దుగాల పిన్ను జర గట్టిగనే గుచ్చిన. యాదికున్నదా?"

నా చెయ్యి దానంతటదే కొప్పు కిందికి, మెడకి కాస్త పైకి వెళ్లింది.

"ఉంది అక్కా" అన్నాను.