పాల్మో పేరున పెట్టిన ముద్దలు

కుంజెస్ ఆ ఏడంతా కోపంగానే ఉంది. కోపంతోనే నిద్ర లేచేది, కోపంతోనే పొయ్యిలో పిడకలు రాజేసేది. వెన్న టీని చిలకాల్సిన దానికన్నా గట్టిగా చిలికేది. త్సో కర్ ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో ఆమె కేకలు వినని గడప లేదు. ఒక్క మామగారి ముందు మాత్రం ఆ గొంతు పెగిలేది కాదు. అసలు అరవాల్సింది ఆయన మీదే.

త్సో కర్ ఉప్పు సరస్సు. అంచుల్లో నీళ్లు ఇంకిన చోటల్లా ఉప్పు పేరుకుని, చలికాలంలో మంచు ఎక్కడ ఆగిందో, ఉప్పు ఎక్కడ మొదలైందో కంటికి ఆనదు. దక్షిణాన మాత్రం మంచినీటి ఊటలు చేరి చిత్తడి ఉంటుంది. నీళ్ల మధ్య గడ్డి దిబ్బలు తలలెత్తి నిలబడతాయి. వాటిలో ఒకదాని మీద నల్లమెడ కొంగల జంట ఏటా గూడు కడుతుంది.

అత్తగారు పాల్మో బతికున్నన్నాళ్లూ వసంతం రాగానే కదురు పట్టుకుని ఆ చిత్తడి ఒడ్డుకు పోయి కూర్చునేది. మేకల ఉన్ని వడుకుతూ ఆకాశం వైపు చూసేది. కొంగలు దిగిన రోజు ఇంటికొచ్చి, "మనవాళ్లు వచ్చారే" అని చెప్పేది, చుట్టాలు బస్సు దిగినంత మామూలుగా. కుంజెస్‌కు ఆ పక్షులను చూడటం నేర్పింది ఆవిడే. రెక్కలు విప్పి, మెడలు వంచి, ఒకదాని చుట్టూ ఒకటి గెంతే వాటి ఆటను చూస్తుంటే గాలికి కూడా కాసేపు ఏ పనీ లేదనిపించేది.

పాల్మో ఒక శరత్తులో పోయింది. చనిపోయినవారి పేరున ఏడు వారాలు కుక్కలకు తిండి పెట్టడం అక్కడి ఆచారం. దారి తెలియక తిరిగే ప్రాణానికి ఆ పుణ్యం తోడు పోతుందంటారు. మామగారు థర్గ్యాస్ రోజూ బార్లీ పిండి ముద్దలు కలిపి, భార్య కూర్చునే చోటికే మోసుకెళ్లి పెట్టేవాడు. ఏడు వారాలూ అయిపోయాయి. ఆయన మానలేదు.

కుక్కలు ఎక్కడివో కావు. వేసవిలో యాత్రికుల కోసం వేసే గుడారాల శిబిరం ఎంగిళ్లు తిని పెరిగినవే. ఇదివరకు శిబిరం మూసేశాక చలికి కొన్ని చచ్చేవి, కొన్ని రోడ్డు పట్టుకుని పోయేవి. ఇప్పుడు పోలేదు. థర్గ్యాస్ ముద్దలు తిని చిత్తడి ఒడ్డునే చలికాలం గడిపాయి, అక్కడే పిల్లల్ని పెట్టాయి. మరుసటి వేసవిలో గుడ్లు పగిలి కొంగ పిల్లలు రెండు బయటికొచ్చాయి. కుక్కలు నీళ్లలో ఈదుకుంటూ పోయి రెండింటినీ తినేశాయి. కొంగలు సాయంత్రం దాకా అరిచాయి. కుంజెస్ మేకల్ని వదిలేసి పరిగెత్తింది గానీ, చేరేసరికి నీటి మీద ఈకలు తేలుతున్నాయి.

అప్పుడు మొదలైన కోపం ఇది.

ఈ ఏడు మళ్లీ కొంగలు దిగాయి. లేహ్ నుంచి జీపులో అధికారులు కొందరు వచ్చారు. కొంగ బొమ్మ ఉన్న బోర్డు పాతి, దాని పక్కన నిలబడి ఫొటోలు దిగి, వెళ్లిపోయారు. మర్నాడు ఒక కుక్క ఆ స్తంభం దగ్గర కాలెత్తింది.

"బోర్డు పాతింది అందుకేలే" అంది కుంజెస్, పక్కింటావిడతో.

శిబిరం తెరిచారని తెలిసిన రోజు ఆమె మేకల్ని అటే తోలుకెళ్లింది. శిబిరం చూసుకునే ముటుప్ కుర్చీలు తుడిపిస్తున్నాడు. వంటగుడారం వెనక గొయ్యిలో అప్పుడే కోడి ఎముకలు, అన్నం. చుట్టూ కుక్కలు.

"ఆ గొయ్యి మూయించు" అంది.

"జులే, అచే" అని అక్కను పలకరించినట్టు దండం పెట్టాడు. "ముందు టీ తాగు."

"నీ టీ నాకొద్దు. కొంగ పిల్లలు బయటికొచ్చే టైముకి ఈ కుక్కలు ఇక్కడుండకూడదు."

"నేనేం చెయ్యను అచే? చంపమంటావా? పాపం మూటగట్టుకోమంటావా?"

"చంపమన్నానా? మేపొద్దన్నాను."

ముటుప్ నవ్వాడు. చెడ్డవాడు కాదు, కానీ ఆ నవ్వు మాత్రం చెడ్డది. "నాలుగు నెలలు నేను మేపుతాను. మిగతా ఎనిమిది నెలలూ మీ ఇంట్లోనే మేపుతున్నారుగా. థర్గ్యాస్ తాతని మానమని చెప్పు, నేనూ మానేస్తా."

కుంజెస్ మేకల్ని వెనక్కి తిప్పింది. దారిలో ఒక మేకను ఊరికే తిట్టింది.

ఆ సాయంత్రం థర్గ్యాస్ ఎప్పటిలాగే పిండి కలుపుతున్నాడు. ముసలి వేళ్లతో ఒక్కో ముద్దనూ గుండ్రంగా, పిల్లలకు చేసినట్టు చేస్తున్నాడు. కుంజెస్ కాసేపు చూసింది. తర్వాత నోరు తెరిచింది.

"ఆబా, ఈ ముద్దలు అమ్మకి చేరుతున్నాయా?"

"చేరవా మరి?"

"చేరితే అమ్మ ఊరుకునేది కాదు. మీరు ఆమె పేరున పెట్టింది తిని, ఆమె కూర్చున్న చోట నుంచే లేచి, ఆమె పక్షుల పిల్లల్ని నమిలేశాయి కుక్కలు. ఆ పుణ్యం ఏ దారిన పోతోందో మీకే తెలియాలి."

థర్గ్యాస్ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"కుక్కకి ఆకలేస్తుంది" అన్నాడు. "దాని ఆకలి తప్పా?"

"కాదు. కానీ..."

"నువ్వు చెప్పింది విన్నాను" అని ఆ ముద్దను మిగతావాటి పక్కన పెట్టాడు.

పొద్దున లేచేసరికి ఆయన పడక ఖాళీగా ఉంది. పిండి సంచీ లేదు, గాడిద లేదు, చిన్న గుడారం లేదు. బయటికొచ్చి చూస్తే, ఎండ పడుతున్న కొండ వాలు మీద ముసలాయన గాడిదను తోలుకుంటూ ఎక్కుతున్నాడు. వెనక ఊళ్లో కుక్కలన్నీ బారుగా. పెళ్లి ఊరేగింపులా ఉంది. ఎగువ మేత బీడు దాకా సగం పూట నడక. అక్కడ నీళ్లు తక్కువ, గాలి ఎక్కువ.

ఆమెకు దాని మీదా కోపం వచ్చింది. "ముసలి మొండిఘటం" అంది, కళ్లు తుడుచుకుంటూ. "మానమంటే మానడు, మోసుకుపోతాడు."

కానీ ఎంగిలి వాసన పిండి ముద్ద కన్నా దూరం పోతుంది. ఈ ఏటి కొంగ పిల్లలు రెండూ గోధుమ రంగు నూగుతో గడ్డిలో తిరగడం మొదలెట్టగానే రెండు కుక్కలు కొండ దిగి శిబిరం గొయ్యి దగ్గరికి వచ్చేశాయి. మర్నాడు దిబ్బ మీద ఒక్క పిల్లే ఉంది.

కుంజెస్ ఏడవలేదు. గాడిద కొండ మీద ఉంది కాబట్టి పక్కింటివాళ్ల యాక్‌ను అరువు తెచ్చింది. గొయ్యిలోకి దిగి, ఎముకలూ అన్నమూ ఈగలూ అన్నీ పేడ గంపల్లోకి ఎత్తింది. మధ్యాహ్నం అతిథులు బల్లల ముందు కూర్చునే వేళకు ఆ గంపల్ని భోజనాల గుడారం గుమ్మంలో కుమ్మరించింది.

"అచే, అచే, ఏం పని ఇది?" ముటుప్ పరిగెత్తుకొచ్చాడు.

"మీ చుట్టాలు కొంగల్ని చూడ్డానికొచ్చారుగా. చూపిస్తున్నా. నిన్న పిల్లని చంపింది ఈ ఎంగిలే."

"మాట్లాడుకుందాం, లోపలికి రా."

"మాట్లాడటం అయిపోయింది. మా మామ కొండెక్కాడు, నీ మాట ప్రకారం. నీ వంతు మిగిలింది. రేపూ వస్తా."

ఒక విదేశీ ఆవిడ ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని, ఏమైందని ముటుప్‌ను అడిగింది. అతను చెప్పక తప్పలేదు. చెబుతున్నంతసేపూ కుంజెస్ అక్కడే నిలబడింది, ఒంటి నిండా మురికితో, చేతులు కట్టుకుని.

మర్నాడు ఆమె వెళ్లేసరికి గొయ్యి మీద బండరాళ్లు పరిచి ఉన్నాయి. ఎంగిళ్లు డబ్బాల్లో మూతలు బిగించి, సరుకులు తెచ్చే లారీ తిరిగి వెళ్లేటప్పుడు పంపేస్తున్నారు. ముటుప్ ఆమెను పలకరించలేదు. అదే మేలనుకుంది.

వేసవంతా ఆమె వారం వారం పిండి మోసుకుని కొండెక్కింది. కుక్కలు తోకలూపుతూ ఎదురొచ్చేవి. "పోండి, దొంగమొహాల్లారా" అని వాటిని తిట్టేది. మామగారు దగ్గుతుండేవాడు. దిగిరమ్మంటే, "అది ఎగిరిందా?" అని అడిగేవాడు. లేదంటే తల అడ్డంగా ఊపేవాడు.

నీళ్ల అంచున మొదటి పెళుసు మంచు కట్టిన రోజుల్లో ఒక ఉదయం, మూడు కొంగలు ఉప్పు తెల్లదనం మీద నుంచి లేచాయి. నడిమిది కాస్త తడబడింది. సరస్సు ఒక చుట్టు చుట్టి, సర్దుకుని, పర్వతాల మీది వెలుతురులోకి పోయింది. కుంజెస్ చూసి, మేకల్ని అలాగే వదిలేసి, కొండ వైపు నడిచింది.

థర్గ్యాస్‌ను గాడిద మీద ఎక్కించి దింపింది. కుక్కలు వెంటే దిగాయి. మనిషి సగమైపోయాడు. పొయ్యి పక్కన కూర్చోబెట్టి, వేడి వేడి సూప్ గిన్నె చేతికిచ్చింది. కోపం తగ్గలేదు.

"వచ్చే ఏడు కొండ ఎక్కనివ్వను" అంది. "ఈ ఒంటితో అక్కడ చస్తే ఎవరికి చెప్పుకోవాలి?"

"చస్తే ఏముంది, ఏడు వారాలు పెడతావు."

"పెట్టను. ముందే చెబుతున్నా. మీ పేరున ఈ కుక్కలకి ఒక్క ముద్ద కూడా పెట్టను."

థర్గ్యాస్ సూప్ ఊదుకుని ఒక గుక్క తాగాడు.

"పెడతావులే" అన్నాడు. "కొండ మీద పెట్టు."