పదకొండో గులకరాయి

మాచర్ల పక్క నాపరాయి క్వారీల్లో మందు పేల్చే పనిలో చిన్నకోటయ్యది ముప్పై ఒక్క ఏళ్ల అనుభవం. రెండేళ్ల కిందటి దాకా ఆయన చేతికింద ఒక్కడికీ వేలు తెగలేదు. కూతురు సుభాషిణి జిల్లా పరిషత్తు బడిలో చదివి పదో తరగతిలో మండలానికి మొదటిది, ఎమ్మెస్సీలో బంగారు పతకం, వాళ్ల వాడ నుంచి భౌతికశాస్త్ర పరిశోధనకు పోయిన మొదటి మనిషి. ఇవన్నీ వాడలో అందరికీ కంఠతా వచ్చు.

కోటయ్యకు ఒక పద్ధతి ఉండేది. మందు కూరిన గుంటకొకటి చొప్పున గులకరాళ్లు గుప్పిట పట్టుకుని బండచాటున కూర్చునేవాడు. చప్పుడుకొక రాయి వదిలేవాడు. గుప్పిడి ఖాళీ అయితేనే “పోండి” అనేవాడు.

రెండేళ్ల కిందట వేసవిలో పదకొండు గుంటలు. పదకొండు రాళ్లూ రాలాయి. పొమ్మన్నాడు. ముందు దిగినవాడు ఆయన చెల్లెలు రోశమ్మ కొడుకు రవి. రాళ్ల కుప్పలో గడ్డపలుగు దించగానే, పేలకుండా మిగిలిన గుంట పేలింది. రవి అక్కడికక్కడే పోయాడు. కొత్తగా కోసిన రాతిగోడ ఒక చప్పుడును తిప్పికొట్టింది. ఆ ప్రతిధ్వనికే కోటయ్య ఒక రాయి వదిలాడు.

వాడంతట వాడే దిగాడని చెప్పమన్నాడు క్వారీ యజమాని. “నేనే పొమ్మన్నా” అని కోటయ్య పోలీసులకు చెప్పి వచ్చాడు. పని పోయింది. రోశమ్మ ఆ గుమ్మం తొక్కడం మానేసింది.

ఈ వేసవిలో సుభాషిణి సిద్ధాంతగ్రంథంతో ఇంటికొచ్చింది. మూలకణాలకు బరువునిచ్చే హిగ్స్ కణం ఒకటి ఇదివరకే శాస్త్రవేత్తలకు దొరికింది. దానికి తోడు ఇంకా బరువైన హిగ్స్ ఉందా అన్నది ఆమె ప్రశ్న. బరువైనదాన్ని పుట్టించే శక్తి కణాలను ఢీకొట్టించే యంత్రానికి లేకపోయినా, అది ఉంటే దొరికినదాని నడతలో చిన్న తేడాలు రావాలి. ఆ తేడాలు ఆమె లెక్కగట్టింది. కొలతల్లో అవి లేవు. కాబట్టి ఫలానా బరువుల మధ్య రెండో హిగ్స్ లేదని పట్టిక వేసింది. బెంగళూరులో ఖాయమైన ఉద్యోగం ఆ పట్టిక మీదే నిలబడింది.

అయితే ఆ లెక్క, దాగిన కణం చాలా బరువైతేనే చెల్లుతుంది. అంత బరువైతే తర్వాతి సవరణలు లెక్కలోకి రానంత చిన్నవని ఆమె మొదటి మెట్టు సవరణలతో ఆపింది. మొన్న రెండో మెట్టు కూడా వేసి చూస్తే, తక్కువ బరువుల వైపు అవి మొదటివాటిని కొట్టేస్తున్నాయి. కణం ఉన్నా తేడా కనిపించదు.

“ఉన్నదున్నట్టు పంపించెయ్యమంటున్నారు నాన్నా, గైడు గారు. ఆ సంగతి పేజీ అడుగున ఒక్క ముక్క రాస్తే చాలంట.”

“పంపితే ఎవురన్నా చస్తారా ఏంది?”

“చావరు. నా పట్టిక నమ్మి అటు వెతకటం మానేస్తారు.”

“ఉద్యోగం?”

“పోద్ది. ఇంకో ఏడాది పట్టుద్ది.”

“లోపల ఏం లేదు పోండని నేనూ చెప్పినోణ్ణేగా,” అన్నాడు కోటయ్య. “నన్నెందుకడుగుతావే.”

సుభాషిణి పట్టికలో తక్కువ బరువుల వైపు సగం వరుసలు కొట్టేసింది. గైడుకు ఉత్తరం రాసింది. జవాబు రెండు వాక్యాల్లో వచ్చింది. రెండో వాక్యం ఉద్యోగం పోయిన సంగతి.

మధ్యాహ్నం క్వారీ వైపు నుంచి చప్పుళ్లు మొదలయ్యాయి. అరుగు మీద గుప్పిట పట్టిన కోటయ్య వేళ్లు చప్పుడుకొకటి చొప్పున విచ్చుకున్నాయి. చప్పుళ్లు ఆగిపోయినా చివరి వేలు ముడుచుకునే ఉంది. వీధిలో రోశమ్మ నీళ్ల బిందెతో, ఇటు చూడకుండా, వెళ్లిపోయింది.