పక్క ఊరి టికెట్లు

మా పాసింజరును లూపు లైనులో పెట్టి గూడ్సుకు దారి ఇచ్చినప్పుడల్లా పెట్టెలో ఉన్నవాళ్ళందరూ రైల్వేవాళ్ళను తిట్టేవారు. నేను మాత్రం ఆ గూడ్సు ఇంకాస్త ఆలస్యంగా రావాలని కోరుకునేదాన్ని. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు.

కారణం పెద్దదేమీ కాదు. ఇంట్లో పాఠ్యపుస్తకం కాక ఇంకో పుస్తకం నా చేతిలో కనపడితే అమ్మ "ఇవాళ బైబిలు చదివావా?" అని అడిగేది. కాలేజీలో చదువుకోవాలంటే నాకు బిడియం, ఏదీ చూడనీ అని ఎవరో ఒకరు లాక్కుంటారని. ఇక మిగిలింది రైలు. బెజవాడ గవర్నర్‌పేటలో ఒక అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. అక్కడ నవల తీసుకుని, దానికి హిస్టరీ నోట్సు అట్ట తొడిగి, ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ పక్కన కూర్చునేదాన్ని. బండి కదులుతుంటే అక్షరాలు ఊగిపోయేవి. ఆగితే నిలిచేవి. అందుకని ఆగడమే నాకిష్టం.

రెండేళ్ళ కిందటి మాట. బెజవాడలో బి.ఏ. చదువుతున్నాను. మా ఊరు బ్రాంచి లైను మీద ఒక హాల్టు. ప్లాట్‌ఫారం లేదు. కట్ట మీద పోసిన ఎర్రమట్టి, ఒక రేకుల పాక, అందులో కమీషను మీద టికెట్లు అమ్మే ఏజెంటు, అంతే. ఆ హాల్టుకు ఎదురుగానే మా నాన్న పాఠాలు చెప్పే బడి. బడి వరండాలో నిలబడితే నేను పొద్దున రైలెక్కడం, సాయంత్రం దిగడం రెండూ ఆయనకు కనపడతాయి. నన్ను కాలేజీకి పంపడానికి ఆయన ఒప్పుకున్నది అందుకే. హాస్టలుకు కట్టే స్తోమత మాకు లేదు, బెజవాడలో చుట్టాలూ లేరు. బస్సెక్కాలంటే బల్లకట్టు మీద కాలవ దాటి, రోడ్డు పక్కన మగవాళ్ళ మధ్య నిలబడాలి.

"నా కళ్ళముందు ఎక్కి నా కళ్ళముందు దిగేటట్టయితే చదువుకో అమ్మా. అది లేనినాడు చదువూ లేదు," అని చేరిన రోజే చెప్పారు. కోపంగా చెప్పలేదు. ప్రార్థన చేసేటప్పటి గొంతుతో చెప్పారు. అందుకే దానికి ఎదురు చెప్పవచ్చని కూడా నాకు తోచలేదు.

పెట్టెలో నా పక్కన ఎప్పుడూ ఒక పెరుగమ్మే పెద్దావిడ కూర్చునేది. మా ఊరికి ముందు స్టేషన్లలో ఎక్కడో ఎక్కేది. కుండలు కాళ్ళ మధ్య పెట్టుకుని, గూడ్సు పెట్టెలు ఒక్కొక్కటే దాటిపోతుంటే వాటిని చూసి నిట్టూర్చేది.

"బియ్యం బస్తాలకున్న మర్యాద మనకి లేదు చూడు. వచ్చే జన్మలో బస్తాగా పుడితే బాగుండు. దర్జాగా ముందెళ్ళిపోదును."

"ఇప్పుడు మాత్రం నువ్వు బస్తాకేం తీసిపోయావు?" అనేది ఎదుటి బల్ల మీది ఆకుకూరలావిడ.

"నోర్ముయ్యవే. నీ తోటకూర వాడిపోతందని నీ ఏడుపు." తర్వాత నా వైపు తిరిగేది. "ఈ మేస్టారి పిల్లని చూడు, ఉలకదు పలకదు. రేపు మొగుడితో కూడా చీటీలు రాసే మాట్టాడుద్దేమో!"

పెట్టెంతా నవ్వేది. నేను పుస్తకంలోకి ఇంకాస్త వంగేదాన్ని.

మొదటి ఏడాది గూడ్సు కోసమే ఆగేవాళ్ళం. రెండో ఏడాది నుంచి పట్టాల కోసం కూడా నెమ్మదించాల్సి వచ్చింది. మా వైపు కట్ట నల్లరేగడిది. ఎంత కంకర పోసినా ఒక వానాకాలంలో మింగేస్తుంది. మళ్ళీ పోస్తూ ఉండాలి, చీలిన చెక్క స్లీపర్లు మారుస్తూ ఉండాలి. ఆ పనిచేసే గ్యాంగులో పెద్దవాళ్ళు రిటైరైపోతుంటే వాళ్ళ చోట్లోకి ఎవరూ రాలేదు. మిగిలినవాళ్ళను మెయిను లైను పనికి తీసుకుపోతున్నారని హాల్టు ఏజెంటు చెప్పేవాడు. కొన్నాళ్ళకు మురుగుకాలవ వంతెనకు అటూ ఇటూ పసుప్పచ్చ బోర్డులు వెలిశాయి. అక్కడ ఇంజను మనిషి నడకన పోవాలి. నేను చదివినన్నాళ్ళూ ఆ బోర్డులు తీయలేదు సరికదా, ఇంకోచోట మరో జత పాతారు. మగపిల్లలు బండి దిగి, పక్కనే నడిచి, గట్టు మీది జామకాయలు కోసుకుని మళ్ళీ అదే పెట్టె ఎక్కేవాళ్ళు.

నాకు రోజుకు మరికొన్ని పేజీలు దొరికాయి. బండిలో జనం పలచబడటం కూడా హాయిగానే ఉండేది. కాలవకు అవతల తారు రోడ్డు పడింది, బస్సులు పెరిగాయి. ఆఫీసులకు వెళ్ళేవాళ్ళు, ఆటోనగర్ షెడ్లలో పనికి పోయే కుర్రాళ్ళు ఒక్కొక్కరే బస్సుకు మారిపోయారు. అప్పుడు చదువుతున్న నవలలో ఒక కుటుంబం కొద్దికొద్దిగా చితికిపోతుంటే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. నేను కూర్చున్న బల్ల కింద జరుగుతున్నది మాత్రం నాకు పట్టలేదు.

చివరి ఏడు దసరా సెలవుల తర్వాత హాల్టు పాక గోడకు ఒక కాగితం అతికించారు. ఆదాయం చాలక ఈ హాల్టును ఎత్తివేయాలని ఆలోచన ఉంది, ముందుగా ఒక ఆఫీసరు వచ్చి చూస్తారు అని అందులో ఉంది. నాన్న అది చదివి వచ్చి, రాత్రి అన్నం దగ్గర, "నీ పరీక్షలెప్పుడు?" అన్నారు. మార్చిలో అన్నాను. మార్చి దాకా మా ఊళ్ళో రైలు ఆగుతుందా, ఆగదా? ఆ రాత్రి నుంచి నాకు వేరే ఆలోచన లేదు.

పంచాయితీ అరుగు మీద ఊరి పెద్దలు కూడారు. పెద్దరైతు ఒకాయన ఉపాయం చెప్పారు. "ఆదాయం లేదంటన్నారు గదా, చూపిద్దాం. ఆఫీసరు వచ్చేదాకా ఇంటికో టికెట్టు కొందాం రోజూ. ఎక్కక్కర్లా."

నాన్న సందేహించారు. "ఎక్కకుండా టికెట్టు కొనడం సబబేనాండీ?"

"మీరు చర్చిలో కానుక ఏస్తారు గదా మేస్టారూ, ఏసిన రోజే పరలోకం పోతన్నారా? ఇదీ అంతే."

అరుగంతా నవ్వింది. నాన్న కూడా నవ్వారు. ఎక్కడికి కొనాలన్న ప్రశ్న వచ్చినప్పుడు అందరూ ఒకే మాట అన్నారు. పక్క ఊరికి. అన్నిటికంటే చవక అదే. బెజవాడకు ఒకటి కొనే డబ్బుతో పక్క ఊరికి బోలెడు వస్తాయి, వాళ్ళకు కావలసింది తలల లెక్కే కదా అన్నారు. ఆ మాటలో తప్పేమీ ఎవరికీ కనపడలేదు. రోజూ రైలెక్కేదాన్ని, నాకూ కనపడలేదు.

ఆ ఆదివారం పాస్టరుగారు రోగుల కోసం, పంటల కోసం ప్రార్థించి, వెంటనే మా హాల్టు కోసం ప్రార్థించారు. వెనక వరసల్లోంచి ఆమెన్ మామూలుకంటే గట్టిగా వినిపించింది. పాక దగ్గర పొద్దున్నే వరస కట్టేవారు.

"పక్కూరి టికెట్లు అయిపోయినయ్యండీ, ఆ పై ఊరివి ఇమ్మంటారా?" అనేవాడు ఏజెంటు.

"వద్దొద్దు, అది ఎక్కువ. రేపు తెప్పించు."

అట్టముక్క టికెట్లతో పిల్లలు ఇళ్ళు కట్టి ఆడుకున్నారు. నాన్న బడికి వెళుతూ ఒకటి కొని జేబులో వేసుకునేవారు. ఆయన పక్క ఊరికి వెళ్ళి ఏళ్ళయింది.

ఆఫీసరు ఒక పొద్దున ఇంజను వెనక ఒకే ఒక్క పెట్టెతో వచ్చి దిగారు. నాన్న బడిపిల్లలను వరసలో నిలబెట్టారు. పెద్దరైతు దండ వేసి, కొబ్బరిబోండం ఇచ్చారు. నేను నా రైలు కోసం పాక నీడలో నిలబడి ఉన్నాను. ఆయన పాకలోకి వెళ్ళి ఏజెంటుతో కాసేపు మాట్లాడి బయటికి వచ్చారు. మర్యాదస్తుడే. గొంతు పెంచలేదు.

"మీ ఊళ్ళో అందరికీ పక్క ఊళ్ళోనే పనున్నట్టుందే," అన్నారు.

పెద్దరైతు కండువా సర్దుకున్నారు.

"మూడు మైళ్ళు. అక్కడ మంచి స్టేషనుంది. అక్కడిదాకా వెళ్ళడానికి ఇక్కడ బండి ఆపాలా, చెప్పండి? బెజవాడకు వెళ్ళేవాళ్ళే లేరు మీ ఊళ్ళో."

"అయ్యా, అది చవగ్గా ఉంటదని..." అని మొదలుపెట్టిన పెద్దరైతు, తన నోట ఏం రాబోతోందో తెలిసి ఆగిపోయారు. ఊరంతా ఇన్నాళ్ళూ కొన్న టికెట్లు ఒక్క సంగతే చెప్పాయి, మాకు పక్క స్టేషను చాలునని.

నాకు అంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు.

"నేను రోజూ బెజవాడ వెళతానండీ," అన్నాను.

అందరూ తిరిగి చూశారు. నాన్న కూడా.

"టికెట్టేదమ్మా?"

"నెలవారీ సీజను టికెట్టండీ. బెజవాడలో తీసుకుంటాను. ఇక్కడ ఇవ్వరు."

"స్టూడెంటు సీజను." ఆయన తల ఊపారు. "చూడమ్మా, చదువుకున్నదానివి గనక చెబుతున్నాను. మామూలు టికెట్టుతోనే మాకు ఖర్చులు రావు, నీ సీజనుతో ఏం వస్తాయి? నువ్వు ఎక్కిన ప్రతిసారీ మాకు నష్టమే. ఆ నష్టం గూడ్సు సంపాదనలోంచి పూడుస్తాం. మీరంతా తిట్టుకుంటారే, ఆ గూడ్సే. పట్టాల మీద పెట్టే డబ్బు కూడా అది ఎక్కువ నడిచేచోటే ముందు పెట్టాలి మరి."

"గూడ్సు ఇటు కూడా పోతుంది కదండీ."

"పోతుంది. మీ హాల్టులో ఆగదుగా."

ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఆ రోజు లూపు లైనులో బండి ఆగినా పుస్తకం తెరవలేదు. పక్కనుంచి గూడ్సు పోతుంటే తాళాలు వేసిన ఆ పెట్టెలనే చూస్తూ కూర్చున్నాను. నన్ను చదివిస్తున్నవాళ్ళు నాన్న ఒక్కరే అనుకున్నాను ఇన్నాళ్ళూ. బియ్యం, ఎరువుల బస్తాలు కూడా చదివిస్తున్నాయన్నమాట. సిగ్గుపడాలా అంటే, పడబుద్ధి కాలేదు. నష్టమైనా సరే ఇలాంటి పిల్లలు బడికీ కాలేజీకీ పోవాలి, రోగులు ఆస్పత్రికి పోవాలి, పెరుగు కుండలు బజారుకు పోవాలి అని ఎవరో ఒక మనిషి ఎప్పుడో ఒకచోట కూర్చుని అనుకుని ఉంటారు. ఆ మనిషి ఇప్పుడు ఆ కుర్చీలో లేరు, అంతే.

జనవరి ఆఖరు దాకే ఆపుతామని ఉత్తరువు వచ్చింది. అది వచ్చిన ఆదివారం ఆరాధన అయ్యాక నాన్న కట్ట వెంబడి పక్క స్టేషను దాకా నడిచి చూసి వచ్చారు. వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. పంచె అంచు నిండా పల్లేరుకాయలు. అమ్మ వాటిని ఒక్కొక్కటే పీకుతుంటే ఆయన గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నారు.

"వంతెన మీద నడిచే పలకలు లేవు. అదైనా పిల్లకు అలవాటు పడుద్దనుకున్నా. కానీ మధ్యలో మలుపుంది. అది తిరిగితే బడి కనపడదు," అన్నారు అమ్మతో.

నేను వంటింట్లో ఉన్నాను. అంతా విన్నాను.

పరీక్షలు రాయలేదు. ఇప్పుడు ఇంట్లోనే ఉండి మిషను కుడుతున్నాను, ఆదివారాలు చర్చిలో పిల్లలకు వాక్యాలు నేర్పుతున్నాను. ఆ వేసవిలోనే కట్ట పక్కన గుడారాలు వేసి, ఎక్కణ్ణుంచో గ్యాంగులను తెచ్చి, కంకర పోసి, స్లీపర్లు మార్చారు. ఎరువుల గూడ్సులు పెరిగాయట. పసుప్పచ్చ బోర్డులు తీసేశారు. పాసింజరు కూడా ఇప్పుడు మా ఊరు దాటేటప్పుడు వేగంగా పోతుంది. ఆడవాళ్ళ పెట్టె ఏదో పోల్చుకునేలోపే వెళ్ళిపోతుంది.

జనవరి ఆఖరి సాయంత్రం మా ఊళ్ళో దిగాల్సింది నేను ఒక్కదాన్నే. ఆఫీసరుతో మాట్లాడిన సంగతి ఊళ్ళన్నీ తిరిగి పెరుగావిడ దాకా వచ్చినట్టుంది. దారి పొడుగునా ఆవిడ ఎగతాళి చేయలేదు. ఖాళీ కుండలు ఒకదాన్లో ఒకటి పెట్టుకుని ఊరికే కూర్చుంది. "నాన్న ఏమన్నాడు?" అని ఒక్కసారి అడిగింది. చెప్పాను. "మరి నువ్వేమన్నావు?" అంది. నేను తల వంచుకున్నాను.

బండి ఆగింది. దిగి మట్టి మీద నిలబడ్డాను. ఎదురుగా వరండాలో నాన్న నిలబడి ఉన్నారు, రోజూ ఉన్నట్టే. గార్డు విజిలు వేశాడు. ఆవిడ కిటికీలోంచి వంగి నా చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత ఆవిణ్ణి మళ్ళీ చూడలేదు.

"అంత పెద్ద ఆఫీసరుతో మాట్టాడినదానివి," అంది, "కన్నతండ్రితో మాట్టాడలేవటే పిల్లా?"