బావ దగ్గర లేని కెమెరా

“...పక్షుల కోసం కొంటున్నావా, మా అన్నయ్య కోసం కొంటున్నావా, ముందు అది తేల్చు,” అంది దనూత.

“నీకేం తెలుసు, ఊరుకో,” అన్నాడు ఆమె భర్త జెనోన్.

బియావిస్తోక్ పట్నంలోని ఆ కెమెరాల కొట్టులో బల్ల మీద రెండు కెమెరాలున్నాయి. ధర ఇంచుమించు ఒకటే. ఎడమవైపుది అతని బావ విటోల్డ్ మెడలో నిరుటి నుంచీ వేలాడుతున్న రకం. కుడివైపుది విటోల్డ్ దగ్గర లేదు. జెనోన్ చెయ్యి అప్పటికి మూడుసార్లు దాని మీదికే పోయింది.

జెనోన్ ముప్పై ఏళ్లుగా తన ఊరు గోనియోన్జ్‌లో ఉత్తరాలు పంచుతున్నాడు. ఆ చుట్టుపక్కల బురదనేలల్లో ఏ పిట్ట ఎక్కడ గూడు పెడుతుందో సైకిలు మీద తిరిగి తెలుసుకున్నవాడు. ఏప్రిల్‌లో నల్ల అడవికోళ్లు చీకటితోనే వచ్చి పెట్టల కోసం పోట్లాడుకునే చోటు కనిపెట్టింది అతనే. పళ్ల డాక్టరు విటోల్డ్‌ను వెంటబెట్టుకెళ్లి చూపించిందీ అతనే. అంతకుముందు విటోల్డ్‌కు కోడికీ కొంగకూ తేడా తెలియదు.

అక్కడ పక్షులకు కనపడకుండా వేసుకున్న డేరాలో దూరినవాళ్లు చివరి పుంజు ఎగిరిపోయేదాకా బయటికి రాకూడదు, తుమ్మకూడదు. నిరుడు ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. రెండు పుంజులు గాల్లోకి లేచి ఢీకొన్నాయి. జెనోన్ పాత కెమెరా టకటకమంది. మంద మొత్తం లేచిపోయింది. చప్పుడే చెయ్యని విటోల్డ్ కెమెరాకు మాత్రం ఆ పోట్లాట చిక్కింది.

“బావా, కెమెరా తెచ్చావనుకున్నాను. కుట్టుమిషను తెచ్చావేంటి?” అన్నాడు విటోల్డ్.

ఆ మాట సాయంత్రానికి ఊరంతా పాకింది. విటోల్డ్ తీసిన ఆ పోట్లాట బొమ్మ ఊరి గ్రంథాలయం గోడకెక్కింది. ఉత్తరాలు ఇవ్వడానికి వెళ్లినప్పుడల్లా జెనోన్ దాన్ని చూడక తప్పదు. ఎదుటి గోడ ఇంకా ఖాళీగానే ఉంది. ఒకరోజు ఎవరూ లేనప్పుడు దాన్ని అడుగులతో కొలిచి వచ్చాడు.

కొట్టులోని అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. ఎడమదానికి చప్పుడుండదు, ఎగిరే రెక్క ఉన్నదున్నట్టు వస్తుంది. కుడిదాంట్లో బొమ్మను గోడంత చేసినా చెదరదు. కాకపోతే చప్పుడు ఆపి తీస్తే ఎగిరే రెక్కలు బొమ్మలో వంకరపోతాయి.

ఎంత చప్పుడని జెనోన్ అడిగాడు. ఆమె నొక్కి చూపించింది. పాతదానికంటే చాలా మెత్తగా ఉంది. అయినా అవతలి మూలనున్న ముసలాయన తల తిప్పి చూశాడు.

“విన్నావుగా. ఎడమది తీసుకో,” అంది దనూత గొంతు తగ్గించి. “అన్నయ్యను చూసి కొన్నావని రెండ్రోజులు అనుకుంటారు, తర్వాత మర్చిపోతారు. పాపం, వాడు ఈసారి కూడా డేరాలో నీకు చోటుంచుతానన్నాడు.”

“నాకు చోటుంచుతాడా? నేను చూపించిన చోట్లో?”

జెనోన్ కొట్టు అమ్మాయి వైపు తిరిగాడు.

“కుడిదే ఇవ్వమ్మా. ఏప్రిల్‌లో డేరాలో నేనొక్కణ్ణే కూర్చుంటాను. దనూతా, మీ అన్నయ్యకు నువ్వే చెప్పు.”