పాతను పాటగా చదివిన రోజు

సహోదరీ సహోదరులారా, మీ అందరికీ ప్రభువు పేరట నా వందనాలు. నా పేరు సుజాత, మాది సూరారం. ఆదివారం వెనక వరసలో కూర్చుని గట్టిగా పాడే మనిషిగా మీలో చాలామందికి నేను తెలుసు, కానీ ఈ రోజు పాడటానికి కాదు, నా సిగ్గు చెప్పుకోవడానికి నిలబడ్డాను. రోగాల నుంచి, తాగుడు నుంచి దేవుడు విడిపించిన వాళ్ల మాటలు ఇక్కడ ఎన్నో విన్నాం. నాకు ఏ రోగమూ లేదు, ఏ మత్తూ నేనెరుగను, నాకున్న జబ్బల్లా నా నోరే. అది ఎంతమందిని కోసిందో ఆ దేవుడికే తెలుసు.

రెండువేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్లయిన రోజులవి. మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో, కాలు పోగొట్టుకున్న వాళ్లకు కృత్రిమ కాళ్లు అమర్చే ఒక కేంద్రంలో కంప్యూటర్లు చూసుకునే పని నాది. అందరి కొలతలూ ఒక పాత కంప్యూటర్‌లో ఉండేవి. ఆ ప్రోగ్రాం తొంభైలలో ఎవరో రాసిచ్చి వెళ్లిపోయారు, అది కొత్త కంప్యూటర్ల మీద నడవదు, పాతదేమో రోజుకోసారి మూలిగి ఆగిపోయేది. అందుకని దాని లోపలున్నదంతా ప్రోగ్రాంతో సహా ఉన్నదున్నట్టు కొత్త సర్వర్‌లోకి ఫైళ్లుగా దించేశాను. ఇక అది కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్, వర్చువల్ మెషీన్ అంటారు దాన్ని. అందరూ శభాష్ అన్నారు, నేను ఉబ్బిపోయాను, దేవునికి చెందాల్సిన ఘనత నా మెడలో వేసుకుని తిరిగాను! ఆ ఫైళ్లున్న ఫోల్డర్‌కి, పాత కంప్యూటర్ కదా అని ‘పాత’ అని పేరు పెట్టాను, ఇంగ్లీషు అక్షరాల్లో పి, ఏ, టి, ఏ.

స్టోర్స్ చూసే ప్రసాదుగారిది తెనాలి వైపు, యాప్రాల్‌లో కాపురం. నుదుట బొట్టు, చేతిలో టిఫిన్ డబ్బా, ఎవరినీ ‘అండీ’ లేకుండా పిలవని మనిషి. సర్వర్‌లో జాగా నిండిపోతోందని, పాటలూ సినిమాలూ ఎవరివి ఉన్నా తీసేయమని డైరెక్టరు డాక్టరుగారు ఆయనకు చెప్పారు. ఆయన నా బల్ల దగ్గరకు వచ్చి, మీ పాటలు కూడా తీసేయమంటారా అండీ అని అడిగారు. నేను తల కూడా ఎత్తలేదు. నావి పాటలేమీ లేవు కదా అనే మాట చెప్పడానికి కూడా విసుగు నాకు. “తీసెయ్యండి, నన్నేంది అడిగేది” అన్నాను. నేను పొద్దస్తమానం పాడుతూ ఉంటానని ఎరిగిన మనిషి, నా పేరు మీదున్న ఆ నాలుగక్షరాలను ఆయన పాపం ‘పాట’ అని చదువుకున్నారు. తన కుర్చీలోంచే, నెట్‌వర్క్ మీద చెరిపేశారు. అలా చెరిపినవి చెత్తబుట్టలోకి కూడా రావు, పోతే పోయినట్టే.

శుక్రవారం మధ్యాహ్నం నా తెర మీది జాబితాలో ఆ ఫైళ్లు లేకపోవడం చూశాను. వినండి సహోదరులారా, అప్పటికింకా ఆ మెషీన్ నడుస్తూనే ఉంది, కొలతలు కనిపిస్తూనే ఉన్నాయి, రాత్రి దాకా కూర్చుని కాగితాల మీదకు ఎత్తుకుని ఉంటే ఎవరికీ ఏ నష్టమూ లేదు. కోపం కళ్లకు అడ్డంపడింది. దాన్ని ఠక్కున ఆపి మళ్లీ మొదలుపెట్టాను. డిస్క్ ఫైలు కనబడటం లేదని చెప్పి అది ఇక లేవలేదు. అంతకుముందు తీసిన నకలు ఎండాకాలం నాటిది, తరువాత వచ్చిన వాళ్ల కొలత ఒక్కటీ అందులో లేదు.

నేను నేరుగా స్టోర్స్‌కి వెళ్లి, పనివాళ్లందరి ముందు, “చదువొచ్చా మీకు? పాతకూ పాటకూ ఫరక్ తెల్వదా?” అని అడిగాను. ఆయన ఏదో చెప్పబోయారు, నేను నోరు తెరవనివ్వలేదు. ఆయన తల దించుకున్నారు. అక్కడితో ఆగానా? ఆయనను పనిలోంచి తీసేయాలని ఉత్తరం రాసి, ఊరెళ్లిన డాక్టరుగారి బల్ల మీద పెట్టాను. ఆయన నన్ను ముందుగా అడిగారన్న ముక్క మాత్రం అందులో రాయలేదు.

సోమవారం ఎన్నింటికి రావాలో కనుక్కోవడానికి వచ్చి వరండాలో యాదమ్మ కూర్చుని ఉంది. శామీర్‌పేట పక్క ఊరామె, రోడ్డు మీద లారీ తగిలి మోకాలి కింద కాలు పోయింది, అంతకుముందు మేడ్చల్‌లో నిలబడి కూరగాయలు అమ్మేది. ఆమెలాంటి వాళ్లు ఒక బస్సు నిండా సోమవారం రావాలి. కాళ్లు తయారై వచ్చి ఉన్నాయి గానీ ఏది ఎవరిదో, ఎంత ఎత్తున బిగించాలో ఆ కొలతలే చెప్పాలి. కొలిచే నిపుణుడు మళ్లీ వచ్చేది చలికాలం దాటాకే. ఆ సంగతి ఆమెకు నేనే చెప్పాల్సి వచ్చింది. “మల్ల కొలిపిచ్చుకుంట తియ్ బిడ్డా. గాని సోమారం నడుసుకుంట వస్తనని మనుమరాలికి చెప్పిన” అంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

శనివారం పొద్దున, రబ్బరు పాదాలు వరసగా పేర్చి ఉన్న గదిలో తలుపు వేసుకుని మోకాళ్లూనాను. ప్రభువా, ఆ ఫైలు నాకు ఇయ్యి అని బతిమాలాను, ఏడ్చాను, అది తప్ప ఇంకేమీ అడగనన్నాను. ఎంతసేపు అడిగినా నా కళ్ల ముందు ఫైలు రాలేదు, ప్రసాదుగారి దించిన తలే వచ్చింది, నన్నేంది అడిగేది అన్న నా గొంతే నాకు వినిపించింది. అప్పుడు నా ప్రార్థన మారిపోయింది. “ప్రభువా, ఫైలు సంగతి నీ ఇష్టం. ముందు నా నోరు కడుగు” అన్నాను. లేచి స్టోర్స్‌కి నడిచాను.

ఆయన బోల్టుల డబ్బాలకు చీటీలు అంటిస్తున్నారు, తన తరువాత వచ్చేవాళ్లకు వెతుక్కునే పని లేకుండా! నా ఉత్తరం సంగతి ఆయనకు తెలిసిపోయింది, అయినా ఆ పని చేస్తున్నారు.

“సార్, మీరు అడిగిన్రు. నేనే తీసెయ్యమన్న. తప్పు నాది, నన్ను మాఫ్ చెయ్యండి” అన్నాను.

“అంత మాటెందుకండీ” అని కుర్చీ జరిపారు. “నిన్న చెబుదామనుకున్నానండీ, వీలు పడలేదు. అన్నీ పోలేదు. పెద్ద ఫైలు తీయబోతే వాడుకలో ఉంది, కుదరదని వచ్చింది. మీరు పాటలు వింటున్నారేమో, మధ్యలో ఆపడమెందుకులే అని వదిలేశాను.”

సహోదరులారా, నేను పరుగెత్తాను! నా తెర మీది జాబితా, పెద్ద ఫైలు పక్కనుండే ఒక చిన్న ఫైలును బట్టే దాన్ని చూపిస్తుంది, చిన్నది పోయేసరికి పెద్దది కూడా లేదనుకున్నాను. సర్వర్ గదిలో ఫోల్డర్ తెరిచి చూస్తే కొలతలన్నీ మోస్తున్న ఆ పెద్ద ఫైలు చెక్కుచెదరకుండా ఉంది. పోయిన చిన్న ఫైలు నాలుగు వాక్యాలది, ఆ పెద్దదాని పేరూ పరిమాణమూ చెప్పేది, అంతే. సరిగ్గా అదే పరిమాణంతో ఒక ఖాళీ మెషీన్ కొత్తగా చేసి, దాని చిన్న ఫైలు తీసుకుని, అందులో పేరు మార్చి పాత పెద్ద ఫైలును చూపించాను. ఒక్క అంకె తప్పినా లేవదు. ప్రసాదుగారు పక్కన నిలబడి అంకెలు పైకి చదివారు, నేను కొట్టాను, ఆయన మళ్లీ చదివి సరిచూశారు. మీట నొక్కాను. తెర నల్లగా ఉండి, ఉండి, ఆ పాత ప్రోగ్రాం లేచి కూర్చుంది. దేవునికే మహిమ!

మొదట యాదమ్మ పేరే కొట్టాను. అన్నీ ఉన్నాయి. ఆ రోజంతా ఆయన చదువుతుంటే ప్రతి ఒక్కరి కొలతా నేను చేత్తో కాగితం మీద రాసుకున్నాను.

సోమవారం డాక్టరుగారి ముందు, శుక్రవారం నా తిట్లు విన్న అందరి ముందు, నేను రాయకుండా దాచిన ముక్క నా నోటితోనే చెప్పాను. ప్రసాదుగారు అక్కడే కొనసాగారు. మధ్యాహ్నం యాదమ్మ కాలు బిగించుకుని, నడక నేర్చుకునే కమ్మీలు పట్టుకుని లేచింది, రెండడుగులు వేసి కమ్మీలు వదిలేసింది. “సక్కగ కూసున్నది. ఎవరు జేసిన్రు బిడ్డా?” అని నన్నడిగింది. నా పేరు చెప్పుకునే అవకాశం అంత దగ్గరగా మళ్లీ వచ్చింది.

“నేను పోగొట్టినమ్మా. గీ సారు కాపాడిండు” అన్నాను. ఆమె కొత్త కాలితో నడిచి వెళ్లి ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

నా తండ్రి నాకిచ్చిన విడుదల అదే సహోదరులారా, నా నోట్లోంచి ఇంకో మనిషి మంచితనం బయటికొచ్చింది. మీ మాటతో తల దించుకున్నవాళ్లు మీ ఇంట్లోనో, మీ పనిచోటో ఉంటే, నా మాట విని ముందు వాళ్ల దగ్గరకు వెళ్లండి. ఏం చెప్పాలో తెలియక భయమేస్తే ప్రభువును నమ్మండి, మీరు చేరేలోపే ఆయన అక్కడ ఉంటాడు. ఆ మనిషి మీకు చెప్పాలనుకున్నదేదో ఇంకా ఆ నోట్లోనే ఉందేమో, ఈసారి చెప్పనివ్వండి.