రాక్ పాటలని విని రాజోలు వెళ్ళాను

పాతికేళ్ళ క్రితం అమలాపురంలో మాకొక రాక్ బ్యాండ్ ఉండేదంటే మా ఇంట్లో నవ్వుతారు. నవ్వనివ్వండి. బ్యాండ్ పేరు ‘ఉప్పుటేరు’. గిటారు వాయిస్తూ పాడే రత్నరాజు, డ్రమ్స్ ప్రకాశం, బేస్ గిటారు నేను. కాలేజీ వార్షికోత్సవాలు, క్రిస్మస్ సంబరాలు కాక, ఓ పాత సినిమా హాల్లో టిక్కెట్టు పెట్టి నాలుగు షోలు ఇచ్చాం. స్పీకర్లు గీపెడుతుంటే జనం కుర్చీలెక్కి ఊగేవారు. ఐదో షో రోజు పొద్దున్నే నేను ఎవరికీ చెప్పకుండా ఉద్యోగం ఇంటర్వ్యూకి హైదరాబాద్ బస్సెక్కేశాను. చెబితే రత్నరాజు మొహం చూడలేనని భయం. ఆ సాయంత్రం స్టేజి మీద ఒక్కడే మిగిలాడని, జనం గోల చేస్తున్నా వాయిస్తూనే ఉన్నాడని తర్వాత ఎవరో చెప్పారు. పాటగాడు రత్నరాజేగా, వాడే అయ్యుంటాడు. సిగ్గుతో మళ్ళీ పలకరించలేదు.

పోయిన నెల కాలేజీ వాట్సాప్ గ్రూపులో వాడి నంబరు కనిపిస్తే గుండె చిక్కబట్టుకుని ఫోన్ చేశాను. రాజోలు దగ్గర ఓ ఊళ్ళో స్కూలు మాస్టారట. లైను గరగరలాడుతోంది. “ఇంకా పాడుతున్నావా?” అన్నాను. “ఆయ్, పాడుతున్నామండీ. వచ్చే ఆదివారం మా ఊళ్ళోనే, నాలుగింటికి. రాక్ పాటలండీ” అన్నాడు. నన్ను పట్టుకుని ‘అండీ’ ఏమిటో అర్థం కాలేదు. కోపమా, మర్యాదా? క్షమాపణ ఫోన్లో తేల్చేది కాదనిపించింది. పక్కన నిలబడి ఒక్క పాటైనా వాయించి, అప్పుడు అడగాలి.

హైదరాబాద్ నుంచి రాత్రి బస్సుకి తొమ్మిది వందలు పెడితే ఉదయం ఆరింటికి రావులపాలెంలో దింపాడు. అరటి గెలల లారీల మధ్యనుంచి దారి చేసుకుని, కొత్తపేట మీదుగా వెళ్ళే అమలాపురం బస్సు పట్టుకున్నాను. టిక్కెట్టు యాభై లోపే, ప్రయాణం గంట పైనే. నా ఒళ్ళో ఉన్న పొడుగాటి సంచీ చూసి కండక్టరు “బుర్రకథకాండీ?” అన్నాడు. బేస్ గిటారని చెప్పాను. “ఆయ్” అన్నాడు గాని, నమ్మినట్టు లేదు.

అమలాపురంలో మా హాలు కోసం మూడు వీధులు రెండేసిసార్లు తిరిగాను. హాలున్నచోట పెళ్ళిళ్ళ ఫంక్షన్ హాలు ఉంది, లేదా నేను నిలబడింది వేరే వీధి. ఎదురుగా టిఫిన్ కొట్లో పనసాకు బుట్టల్లో ఇడ్లీల్లా ఉడికించిన పొట్టిక్కలు తింటూ, వడ్డిస్తున్న పెద్దావిడను అడిగాను.

“ఇక్కడ గిటార్లతో షోలు జరిగేవి, గుర్తుందాండీ?”

“ఎందుకు గుర్తులేదండీ? రికార్డింగ్ డాన్సులేగా! మా ఆయన రోజూ వెళ్ళేవోరు.”

“అవి కాదండీ, రాక్ షోలు. కుర్రాళ్ళు జుట్టు పెంచుకుని…”

“ఆయ్, వాళ్ళా? ఎవరికేమైందో పాపం, ఒకటే అరుపులండీ” అని చట్నీ వేసింది. మా సంగీతం గురించి నేను విన్న మొదటి నిజాయితీ అయిన అభిప్రాయం అదే.

మధ్యాహ్నం రాజోలు బస్సెక్కాను. అక్కణ్ణించి కాలువ గట్టున ఆటో, నూట యాభై. నాలుగింటికి పది నిమిషాలుందనగా దిగాను. చర్చి ముందు షామియానా, తెల్లచీరల్లో ఆడవాళ్ళు, గుమ్మం మీద బ్యానరు: ‘ప్రభువు రాకడ: ప్రత్యేక గీతాల కూటం’. బ్యానరు మూడుసార్లు చదివాను. తెల్లచొక్కాలో ఒక బట్టతలాయన ఎదురొచ్చి నా సంచీ వైపు చూశాడు. గొంతు విన్నాక గాని రత్నరాజని తెలియలేదు.

“ఇదేంటండీ, గిటారు తెచ్చేరు?”

“రాక్ పాటలన్నావుగా!”

“రాకడ పాటలన్నానండీ!”

క్రీస్తు మళ్ళీ రావడాన్ని వీళ్ళు రాకడ అంటారు. ఆ ‘డ’ ఒక్కటీ ఫోను మింగేసింది. ఇద్దరం తెల్లమొహాలేసుకుని నిలబడ్డాం. పాస్టరుగారే తేల్చారు: “తెచ్చేరు కదండీ, వాయించనివ్వండి.” కీబోర్డు స్పీకరుకే నా వైరు తగిలించారు. మొదటి పాటలో రెండుచోట్ల తప్పాను. మూడో పాటలో రత్నరాజు చరణం చివర గొంతు ఒక్కసారి పైకి విసిరాడు, అచ్చం ఆ రోజుల్లోలాగే. నాకు ఏడుపొచ్చేసింది. అది భక్తో, వయసో, ఆనందమో ఇప్పటికీ చెప్పలేను.

ఆరింటికి కూటం అయిపోయింది. టీ గ్లాసులతో ఓ పక్కగా నిలబడ్డాక మొత్తం కక్కేశాను. చెప్పకుండా పారిపోయాను, నిన్నొక్కణ్ణీ స్టేజి మీద వదిలేశాను, క్షమించు అన్నాను. వాడు నావైపు అయోమయంగా చూశాడు.

“ఒరేయ్, ఆ రోజు నేను వెళ్ళలేదురా! రాజమండ్రిలో టీచర్ ట్రైనింగ్ కౌన్సెలింగ్. మీకు చెప్పడానికి మొహం చెల్లలేదు. ఒక్కడే మిగిలేడంటే నువ్వే అనుకున్నాను. ఆ సిగ్గుతోనే ఫోన్లో ఒరేయ్ అనలేక అండీ అనేశాను.”

“మరి వాయించిందెవరు?”

అడిగిన మరుక్షణం ఇద్దరికీ తెలిసిపోయింది. మిగిలింది డ్రమ్స్ ప్రకాశమే.

రెండు తప్పులు ఒకదానికొకటి చెల్లిపోయాయని ఊపిరి పీల్చుకోబోయాను, సాగలేదు. ఇన్నేళ్ళూ నేను బాధపడింది నిజమే, తప్పు మనిషి కోసం. ప్రకాశం పేరు ఒక్కసారీ తలుచుకోలేదు. కె.గంగవరంలో వ్యవసాయం చేసుకుంటున్నాడట. ఇది సోమవారం ఉదయం బస్సులో టైపు చేస్తున్నాను. పక్కసీట్లో రత్నరాజు, స్కూలుకి సెలవు పెట్టి. ఏమని మొదలుపెట్టాలో ఇద్దరికీ తెలియదు. అటు వెళ్ళేవాళ్ళకి ఒక సూచన: రామచంద్రపురంలో దిగితే కె.గంగవరానికి ఆటోలు దొరుకుతాయి, కాని ముందుగా ఫోన్ చేసి మనిషి ఇంట్లో ఉన్నాడో లేదో కనుక్కుని బయల్దేరండి. మేము చెయ్యలేదు. చేస్తే రావద్దంటాడేమోనని.