వెతూరియా సంతకం చేయని లెక్క

"దీని కింద నా పేరు ఎవడు వేశాడు?"

ఆ కేక ప్లొయెష్తి ఊళ్లోని డిజైన్ ఆఫీసు రెండో అంతస్తంతా వినబడింది. వెతూరియా క్రింగాషు ముప్పయ్యొక్కేళ్లుగా అక్కడే రిఫైనరీ గొట్టాల లెక్కలు చేస్తోంది. ఆవిరి పారినప్పుడు గొట్టం ఎంత సాగుతుంది, ఆ సాగుడుకి ఏ వంపు దగ్గర ఉక్కు మీద ఎంత ఒత్తిడి పడుతుంది అన్నది తేల్చడం ఆవిడ పని. మూడు రోజుల కిందట ఓ పాత ఆవిరి గొట్టానికి లెక్క కట్టింది. పంపు పక్క వంపులో ఒత్తిడి హద్దు దాటి పన్నెండు శాతం ఎక్కువొచ్చింది. ఇప్పుడు చేతిలో ఉన్న నివేదికలో అదే వంపు హద్దుకి ఆరు శాతం లోపలే ఉంది.

"కేకలెందుకు మేడమ్?" అన్నాడు విభాగం అధిపతి హొరాత్సియు, కుర్చీలోంచి లేవకుండానే. "పద్ధతి మార్చానంతే. మార్చుకోవడానికేగా సాఫ్ట్‌వేర్‌లో అన్ని పద్ధతులు పెట్టింది!"

పద్ధతి మారితే అంకె మారుతుందని ఆవిడకి ఒకరు చెప్పాలా? ఒక్కో పద్ధతికీ ఒక్కో నియమాల పుస్తకం: ఒకటి గొట్టం మందాన్ని కొత్తదిగా లెక్కేస్తుంది, ఇంకోటి తుప్పు తినగా మిగిలినదాన్నే లెక్కేస్తుంది. ఒకటి వంపు ఒత్తిడితో సరిపెట్టుకుంటుంది, ఇంకోటి లాగుడూ మెలికా కూడా కలుపుతుంది. ఎవరి లెక్కకి తగ్గ హద్దు వాళ్లు పెట్టుకున్నారు. అందులో ఏదీ అబద్ధం కాదు. కానీ అతని కంప్యూటర్ తెర మీదికి వంగి చూసేసరికి ఆవిడ ఒళ్లు మండిపోయింది.

"ఒత్తిడేమో ఈ పుస్తకంలోంచి, హద్దేమో ఆ పుస్తకంలోంచి! నీకు కలిసొచ్చింది ఏరుకున్నావు. ఇది లెక్కా, సంతలో బేరమా?"

"హద్దు లోపలేనని తెర మీద ఆకుపచ్చ రంగు వచ్చిందిగా మేడమ్. రిఫైనరీ వాళ్లకి కావాల్సిందదే."

"ఆ గొట్టం పక్కన నిలబడేది నువ్వు కాదుగా!"

మర్నాడు నివేదిక మీద ఆవిడ పేరు లేదు. ఎదురు బల్ల ఇంజినీరు కోర్నెల్ ముద్ర ఉంది. వెతూరియా బస్సెక్కి రిఫైనరీకి వెళ్లింది. అక్కడి మెకానిక్కు లిక్సాండ్రు ఇరవయ్యేళ్ల పరిచయం. ఉప్పేసిన పందికొవ్వు, ఉల్లిపాయతో రొట్టె తింటున్నాడు.

"ఏంటి ఇంజినీరమ్మా, మొహంలోంచి పొగలొస్తున్నాయి?"

"తిన్నది చాలు. ఆ పంపు దగ్గరికి పద."

వంపు పక్కన, వేడికి సాగినప్పుడు గొట్టం జారడానికి కింద వేసిన ఇనప దిమ్మ తుప్పుతో అతుక్కుపోయి ఉంది. ఆ తుప్పు మీదే రంగు కూడా వేశారు. వెతూరియా కాలితో తన్నింది. కదల్లేదు.

"ఎప్పట్నించి ఇలా?"

"నేను చూసినప్పట్నించీ ఇంతే. ఎవరూ అడగలేదు."

అది హాయిగా జారుతుందనే హొరాత్సియు లెక్క కట్టాడు. ఆవిడా అలాగే కట్టింది. పదకొండేళ్లుగా ఆ గొట్టాన్ని కాగితం మీద చూడ్డమే తప్ప ఒక్కసారీ వచ్చి చూడలేదు. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలీక, తిరుగు బస్సులో ఖాళీ సీటున్నా నిలబడే వచ్చింది.

దిమ్మ కదలదనుకుని మళ్లీ లెక్క కట్టింది. ఒక్కో పుస్తకానికి దాని హద్దే పెట్టింది. ఒకటి ముప్పయ్యెనిమిది శాతం ఎక్కువంది, ఇంకోటి ముప్పయ్యొకటి అంది. అంకెలు కలవలేదు, ప్రమాదమని మాత్రం రెండూ ఒప్పుకున్నాయి. హొరాత్సియుని అడక్కుండా ఆ కాగితాలు నేరుగా రిఫైనరీ పెద్దకి పంపింది. వాళ్లు గొట్టాన్ని ఆపేశారు. దిమ్మ మార్చి, సాగుడుకి చోటిచ్చే చుట్టు ఒకటి వేశారు.

రెండు నెలలకి కంపెనీ మీటింగులో హొరాత్సియు ఆ చుట్టు ఫొటో చూపించి, "మా టీము ముందే పసిగట్టింది" అన్నాడు. చప్పట్లు కొట్టారు.

"ఏ పుస్తకంలోంచి పసిగట్టారు సార్?" అని వెతూరియా లేచి అడిగింది. హొరాత్సియు తర్వాతి ఫొటోకి వెళ్లిపోయాడు. సోమవారం నుంచి ఆవిణ్ని కింద పాత కాగితాల గదికి మార్చారు.

సామాను సర్దుకుని వెళ్తూ కోర్నెల్ బల్ల దగ్గర ఆగింది.

"ఆ నివేదిక చదివే ముద్ర వేశావా?"

"లేదక్కా," అన్నాడతను తల దించుకుని. "చదవలేదు."

హొరాత్సియునైనా ఎప్పటికైనా క్షమిస్తుందేమో గానీ, ఈ మాటని మాత్రం ఆవిడ క్షమించలేదు.